పాత్ర చేత – ఆటగాని మాట

మాట వేరు, చేత వేరు అని లోకంలో అంటూ ఉంటారు. కాని మాటయే చేత అయ్యే చోట్లు కొన్ని ఉన్నవి. న్యాయస్థానంలో చేసే ప్రమాణం, వేలంపాటలో పలికే ధర, పంచాయితీలో పెద్దమనిషి ఇచ్చే తీర్పు, ఇవి నోట వెలువడిన క్షణాననే పని అయిపోయే మాటలు. ఈ కోవలో చేర్చదగిన ఆట ఒకటి అమెరికాలో పుట్టి, యాభై ఏండ్లలో లోకమంతటా వ్యాపించినది. దానిని రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటున్నారు. పాత్రధారణ ఆట అని మనం అనుకోవచ్చును. ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. వేషం లేదు, రంగస్థలం లేదు, ప్రేక్షకులు అసలే లేరు. ఒక్కొక్కరిది ఒక్కొక్క పాత్ర. వారిలో ఒకరు మాత్రం నిర్వాహకులు. తక్కిన కథాలోకమంతా, కొండలు, కోటలు, శత్రువులు, సత్రాలు, ఆ ఒక్కరి చేతిలోనే ఉంటుంది. "మీ ముందు మూసిన తలుపు ఉన్నది. లోపల ఏదో చప్పుడు. ఏమి చేస్తారు?" అని నిర్వాహకుడు అడుగుతాడు. "తలుపు తెరుస్తాను" అని ఒకడంటాడు. ఆట మొదలైనట్లే.

చదరంగంలో బంటును వేలితో జరుపుతాము. కబడ్డీలో కూతకు పోయినవాడు కాళ్లతో పోతాడు. ఇక్కడ జరుగవలసినదంతా మాటతోనే జరుగవలెను. కనుక ఆ మాటను ఎట్లా చెప్పవలెను, ఎవరు చెప్పవలెను, ఎప్పుడు చెప్పవలెను అన్నది ఆ ఆట ఆడేవారిలో ఎడతెగని వాదమై కూర్చున్నది. వ్యాకరణం చెప్పుకొని బ్రతికేవాణ్ణి గనుక ఆ వాదం నన్ను ఆకర్షించినది. తరచి చూడగా అది మన యక్షగానాలలో, ఒగ్గుకథలో, రామాయణ భారతాలలో పాతుకొని ఉన్న సంగతియే అని తోచినది.

ముందు ఆ ఆట పుట్టువు రెండు మాటలలో చెప్పుతాను. తండ్రి ఆరంభించిన యుద్ధక్రీడ నొకదానిని ప్రష్యా సైన్యంలోని లెఫ్టినెంట్ రైస్‌విట్స్ 1824లో నియమాలతో సహా అచ్చు వేయించినాడు. పటం మీద సేనలు ఉంటవి. ఆడేవారు సేనాపతులు. వారు తమ ఆజ్ఞలను కాగితం మీద వ్రాసి మధ్యస్థుని కందిస్తారు. ఆయన పాచిక వేసి, పట్టిక చూసి, ఏమైనదో చెప్పుతాడు. సేనాపతి "ఆ దిబ్బ మీది శత్రువును తరుముము" అని వ్రాయగలడు గాని, "తరిమినాము" అని వ్రాయలేడు. ఈ ఒక్క కట్టుబాటులో నేటి ఆట అంతా ఇమిడి ఉన్నది. 1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాలలో డేవిడ్ వెస్లీ అనే ఆయన నడిపిన బ్రౌన్‌స్టైన్ ఆటలో సేనలకు బదులు మనుష్యులు వచ్చినారు. ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క వ్యక్తి. ఆ గోష్ఠిలోని డేవ్ ఆర్నెసన్, లేక్ జెనీవా అనే ఊరి గారీ గైగాక్స్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరుతో మూడు చిన్న పుస్తకాలు వెలువరించినారు. మొదటి ముద్రణ వేయి ప్రతులు. ఆ తరువాతి వ్యాపార కథ మనకు అక్కర లేదు.

ఇక అసలు విషయం. ఇంగ్లీషువారు ఆటలో తమ పాత్ర చేసే పనిని సామాన్యంగా వర్తమాన కాలంలో చెప్పుతారు. వారి వాక్యంలో తలుపు తెరవబోవుచున్నాడా, తెరవడం అయిపోయినదా అన్నది తేలదు. అందుకే వారి నియమగ్రంథాలలో "ఉద్దేశం వేరు, ఫలితం వేరు" అని పదే పదే బోధించవలసి వచ్చినది. తెలుగులో ఈ చిక్కు లేదు. "తెరుస్తాను" అన్నప్పుడు తలుపు ఇంకా మూసియే ఉన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్ధర్మార్థకమని వేరుగా చెప్పిన అర్థాన్ని, భవిష్యదర్థాన్ని నేటి వాడుకలో ఈ ఒక్క రూపమే మోస్తున్నది. అది సంకల్పం కావచ్చును, అలవాటు కావచ్చును, మాట యిచ్చుట కావచ్చును; జరిగిపోయిన పని మాత్రం కాదు.

అంతకంటె గొప్ప సదుపాయం మన ధాతువులలో ఉన్నది. వంచు–వంగు, విరుచు–విరుగు, తెంచు–తెగు, ముంచు–మునుగు, దించు–దిగు. సకర్మకం ఒకటి, దాని పక్కనే అకర్మకం ఒకటి, అన్నదమ్ములవలె నిలిచి ఉంటవి. ఆటగాడు "కొమ్మను వంచుతాను" అంటాడు. "వంగినది" అనో "వంగలేదు" అనో చెప్పవలసినవాడు నిర్వాహకుడు. ఆటగానికి మొదటి ధాతువు మీదనే అధికారం. రెండవదాని మీద లేదు. తరగతిలో ఈ జంటలను మనం వల్లె వేయించి ఊరుకుంటాము. వంచినంత మాత్రాన వంగితీరవలెనని లేదు అన్న మాట ఎప్పుడైనా చెప్పుతున్నామా?

శివధనుర్భంగ ఘట్టం ఈ దృష్టితో మరల చదివి చూడండి. వాల్మీకి బాలకాండలో ఎనిమిది చక్రాల పెట్టెలో ఉన్న వింటిని అయిదు వేల మంది ఈడ్చుకొని వస్తారు. విశ్వామిత్రుడు చూడుమన్నాడు. రాముడు పెట్టె తెరిచి చూసి, ఈ వింటిని చేతితో తాకుతాను, ఎత్తుటకును ఎక్కుపెట్టుటకును ప్రయత్నిస్తాను అని విన్నవించినాడు. రాజు, ముని ఇద్దరును సరే అన్నారు. అప్పుడు గాని వింటిమీద చేయి వేయలేదు. ఇంతకంటె చక్కని క్రియాప్రకటనం నేను చూడలేదు. ఏమి చేయబోతున్నాడో చెప్పినాడు, ఎంతవరకో చెప్పినాడు, ప్రయత్నమనే చెప్పినాడు, పెద్దల అనుమతి పొందినాడు. విరుస్తానని అనలేదు. విల్లు నడిమికి విరిగినది. అది ఆయన పలికిన మాటలో లేని ఫలితం.

ఎవరి పురుషలో చెప్పవలెను అన్నది రెండవ వాదం. "నేను కత్తి దూస్తాను" అనవలెనా, "వీరన్న కత్తి దూస్తాడు" అనవలెనా? నేను అన్నవాడే పాత్రలో లీనమైనవాడని కొందరి పట్టు. అతడు అన్నవాడు పాత్రను బయటి నుండి చూస్తూ కథను తీర్చిదిద్దగలడని మరికొందరు. మన వ్యాకరణంలో "అతడు" ప్రథమ పురుష, "నేను" ఉత్తమ పురుష. ఇంగ్లీషు లెక్కకు ఇది తలక్రిందు. బల్ల చుట్టూ కూర్చున్న క్రొత్తవాణ్ణి గమనిస్తే మాత్రం మన లెక్కయే సరియైనదనిపిస్తుంది. మొదట అతడు అని మొదలుపెట్టి, ధైర్యం వచ్చిన తరువాతనే నేను అంటాడు.

తెలంగాణపు చిందు యక్షగానం చూసినవారికి ఈ రెండు పురుషల నడుమ రాకపోకలు క్రొత్త కాదు. చిందు భాగవతులు ఊరి నడుమ జాగా చూసుకొని, తెర పట్టి, మద్దెల తాళాలతో ఆట మొదలుపెడుతారు. దరువులో రాజు వెడలినాడని వంతవారు ప్రథమ పురుషలో పాడుతూ ఉంటారు. ఆ రాజే తెర తీయగానే అడుగులు వేస్తూ ఆ పాటకే ఆడుతాడు. అంటే తాను చేస్తున్న పనిని ఇతరులు చెప్పుతూ ఉండగా తాను చేస్తున్నాడన్నమాట. మరుక్షణం నేను ఫలానా వాడను, నా ప్రతాప మిట్టిది అని ఉత్తమ పురుషలోకి దూకుతాడు. పద్యం కాగానే వచనం అందుకొని, నడుమ హాస్యగాడు ఏదో అడిగితే ఆ ఊరి మనిషివలె జవాబు చెప్పి, మరల సింహాసనం మీదికి పోతాడు. ఒక్క గడియలో మూడు గొంతులు. చూసేవారిలో ఎవరికీ ఎక్కడా తికమక ఉండదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తన్ను తానే చెప్పుకుంటూ ప్రవేశిస్తుంది. ఆ అతిశయానికి ఉత్తమ పురుషయే తగినది. జనగామ జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె వాస్తవ్యులు శ్రీ గడ్డం సమ్మయ్యగారికి చిందు యక్షగానంలో కృషికి 2024లో పద్మశ్రీ ప్రకటించినారు. ఆ గౌరవం ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషమే. కాని ఆ మేళాలను తమ బడికి పిలిపించి, పిల్లలకు ఒక్క రాత్రి ఆట చూపించిన పాఠశాలలు ఎన్ని ఉన్నవో ఉపాధ్యాయ మిత్రులే ఆలోచించుకోవలెను.

ఒగ్గుకథలో వేషాల అవసరం కూడ అంతగా లేదు. డోలు మోగుతుండగా ప్రధాన కథకుడు ఎల్లమ్మ కథనో మల్లన్న కథనో ప్రథమ పురుషలో నడుపుతూ, నడుపుతూ, భుజం మీది బట్టను తలపైకి లాగుకొని ఆడుదై పోతాడు. పక్కవాడు "అప్పుడామె ఏమన్నది?" అన్నట్లు అందిస్తాడు. జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య (1935–2017) కథ చెప్పుతుంటే విన్నవారు ఈ మార్పును ఎక్కడ జరిగిందో పట్టుకోలేక పోయేవారు. ఆ అందించే సహాయకుడే పాత్రధారణ ఆటలోని నిర్వాహకుని కన్న పెద్దన్న అని నా అభిప్రాయం. ఏమి చేసినావని కాక, ఏమి చేస్తావని అడుగుతాడు, అంతే భేదం. సంస్కృత రూపకాలలో భాణంలోని ఒంటరి నటుడు ఎదుట లేనివారి మాటలను తానే విని, ఏమంటున్నావు అని మరల పలికి, జవాబు చెప్పుతాడు. ఆకాశభాషితమని దానికి పేరు. బల్ల ముందు కూర్చున్న నిర్వాహకుడు గంటల తరబడి చేసే పని అదే.

ఈ సందర్భంలో ఒక వింత చెప్పవలెను. ఆ అమెరికా ఆటలో తొలి రోజులలో ఆటగాళ్లందరూ తలా ఒకటి మాట్లాడకుండ, ఒకనిని ఎన్నుకొని అందరి పక్షాన అతనిచేతనే చెప్పించేవారు. 1981 నాటి నియమాలలో కూడ ఆ పద్ధతి కనిపిస్తుంది. గందరగోళం తప్పుతుంది, నిజమే. కాని నోరున్నవాడే ఆడినట్లవుతుంది. తక్కినవారు వంతకు కూడ కొరగారు. ఆ పద్ధతి క్రమంగా మూలపడినది. మన తరగతులలో ముందు బల్ల మీది ఇద్దరు మాత్రమే జవాబులు చెప్పే పద్ధతి ఇంకా మూలపడలేదు.

ఏ మాట ముందు, ఏ మాట వెనుక అన్నదాని విలువ తెలియవలెనంటే సభాపర్వం తెరువవలెను. ధర్మరాజు తమ్ములను ఒక్కొక్కరినే ఒడ్డినాడు, పిదప తన్ను ఒడ్డుకున్నాడు, చివరకు ద్రౌపదిని. ప్రాతికామి పిలువ వచ్చినప్పుడు ఆమె ఏడ్చి కూర్చోలేదు. ముందు తన్నోడినాడా, ముందు నన్నోడినాడా, పోయి అడిగి రమ్మని వానిని సభకు తిప్పి పంపినది. తన్నోడినవానికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిది అన్నది ఆ ప్రశ్నలోని సారం. పాచిక ఏమి పడినదో ఆమె అడుగలేదు. పాచికకు ముందు పలికిన మాట చెల్లునా అని అడిగినది. భీష్ముడంతవాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. వికర్ణు డొక్కడు లేచి చెల్లదన్నాడు. పణం ఒడ్డుట కూడ క్రియాప్రకటనమే; అది పలికేవానికి ఆ వస్తువు మీద అధికారం ఉండవలెను. పాత్రధారణ ఆటలో మంచి నిర్వాహకుడు పాచిక చేతికివ్వకముందే "ఏమి చేయదలచినావు? తప్పితే ఏమి పోతుందో తెలుసునా?" అని అడిగి స్థిరపరచుకుంటాడు. కురుసభలో ఆ మాట సూటిగా అడిగి ఆటను ఆపినవాడు లేకపోయినాడు. వరుస పేచీ రాకుండ ఉండుటకు 1959లో అమెరికాలో అలన్ కాల్‌హామర్ వెలువరించిన డిప్లొమసీ ఆటలో ఏడుగురు ఆటగాళ్లు తమ ఆజ్ఞలను రహస్యంగా వ్రాసి, అందరివీ ఒక్కసారే చదివిస్తారు. పాచికయే లేదు అందులో.

నిర్వాహకునికి కూడ ఒక హద్దు ఉన్నది. అతడు "వంతెన కూలినది" అనవచ్చును, "పులి గాండ్రించినది" అనవచ్చును. "నీవు భయపడి పారిపోయినావు" అనరాదు. వంతెన అతనిది, పులి అతనిది, భయం ఆటగానిది. ఈ హద్దు మీరిన నిర్వాహకుని ముందు ఆటగాళ్లు కొంతసేపటికి మౌనం వహిస్తారు, ఆట చచ్చిపోతుంది. మా వృత్తిలో ఈ హద్దును రోజుకు పదిసార్లు దాటేవారున్నారు. ప్రశ్నకు పిల్లవాడు తడుముకుంటే "నువ్వు చదువలేదు", "నీకు శ్రద్ధ లేదు", "నీ మనసు ఆటల మీద ఉన్నది" అని వాని మనసును మనమే ప్రకటిస్తాము. జవాబు తప్పు అనుట మన అధికారం. శ్రద్ధ లేదని అనుటకు మనకేమి తెలుసు? వాడు రాత్రంతా చదివి ఉండవచ్చును. ఆ తరువాత వాడు మాట్లాడడం మానితే, మూగివాడని మరొక ప్రకటన.

మహదేవపూర్ ప్రాంతంలో, 2016 వరకు కరీంనగర్ జిల్లాగా ఉండి పిదప జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన ఆ అడవి అంచున, ఇంటర్మీడియెట్ పిల్లలు కొందరితో శనివారం సాయంత్రాలు ఈ ఆట ఆడించి చూసినాను. విదేశపు భూతాలు, నేలమాళిగలు మాకెందుకు? ఒక చిందు మేళం మహదేవపూర్ నుండి కాళేశ్వరం మీదుగా గోదావరి దాటి, ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరోంచకు ఆట ఆడుటకు పోతున్నదని కల్పించుకున్నాము. ఇప్పుడు అక్కడ వంతెన ఉన్నది. వంతెన లేని కాలమని అనుకున్నాము. ప్రాణహిత వచ్చి కలిసే చోటు గనుక నీటి వడి ఎట్లా ఉంటుందో ఆ పిల్లలకు నేను చెప్పనక్కర లేదు. ఎనిమిది మంది, ఎనిమిది పాత్రలు: మేళం పెద్ద, మద్దెలగాడు, హాస్యగాడు, వేషాల పెట్టె మోసేవాడు, ఇట్లా.

నియమాలు విన్సెంట్ బేకర్ 2010లో ప్రకటించిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట నుండి తీసుకొని సులభం చేసినాను. మామూలు పాచికలు రెండు. మొత్తం 10, ఆపైన పడితే అనుకున్నది అనుకున్నట్లే అవుతుంది. 7 మొదలు 9 వరకు అవుతుంది గాని ఏదో ఒకటి చెల్లించుకోవలె. 6, ఆ లోపు పడితే కష్టం. గణితం ఉపాధ్యాయులకు ఇందులో ఒక పాఠం దొరుకుతుంది: మొత్తం 36 విధాలలో మొదటి దానికి 6, రెండవ దానికి 15, మూడవ దానికి 15. ఆ ఆటలో మరొక మంచి నియమం ఉన్నది. పని పేరు చెప్పినంత మాత్రాన చాలదు, ఎట్లా చేస్తున్నాడో చెప్పవలెను. "పడవవాణ్ణి ఒప్పిస్తాను" అంటే పాచిక ఇవ్వరు. ఏమని ఒప్పిస్తావు?

మొదటి రోజు సంత గోలయే. "సార్, మొసలిని చంపేసిన!" అని ఒకడు లేచి నిలబడినాడు. "చంపినవా? దేనితోని? ఎట్లా చంపుతవో చెప్పు" అన్నాను. చేతిలో మద్దెల తప్ప ఏమీ లేదని అప్పుడు వానికి జ్ఞాపకం వచ్చినది. "మద్దెల గట్టిగ వాయిస్త. చప్పుడుకు పోతదేమో" అన్నాడు. చంపేసిన అన్న మాటకంటె ఈ మాట ఎంత మేలైనదో చూడండి. అందులో మద్దెల వచ్చినది, మొసలి చెవులు వచ్చినవి, "పోతదేమో" అన్న శంక వచ్చినది. మూడు వారాలు గడిచేసరికి పిల్లలే ఒకరి నొకరు సవరించుకోవడం మొదలుపెట్టినారు. "అయింది అని నువ్వు చెప్పొద్దు, సార్ చెప్పాలె" అనేవారు.

ఆ ఎనిమిది మందిలో ఒక అమ్మాయి ఉన్నది. తరగతిలో హాజరు పలకడం తప్ప ఆమె గొంతు నేను విననేలేదు. మేళంలో పాట పాడే మనిషి పాత్ర తీసుకున్నది. నాలుగు వారాలు "ఆమె పడవ దగ్గరికి పోతది", "ఆమె చెట్టు కింద కూసుంటది" అని ప్రథమ పురుషలోనే, నేల చూపులు చూస్తూ చెప్పినది. నేను అనుమని ఒకడు సలహా ఇవ్వబోతే నేనే వారించినాను. అయిదవ వారం గోదావరి ఒడ్డున కథ చిక్కున పడినది. చీకటి పడుతున్నది, వాన మబ్బు పట్టినది, పడవవాడు రానంటాడు. మేళం పెద్ద బ్రతిమాలినాడు, పాచిక 4 పడినది. హాస్యగాడు నవ్వించబోయినాడు, 5. అప్పుడు ఆమె "ఆమె పాట పాడుతది" అన్నది. ఏమి పాట అని అడిగినాను. కొంచెంసేపు ఊరుకొని, "నేను పాడుత సార్" అని, బతుకమ్మ పాట ఒకటి నిజంగానే ఎత్తుకున్నది. తమ ఊరి పాట, మూడు చరణాలు. కిటికీ దగ్గర ఆగిన అటెండరు కూడ కదలలేదు.

పాట ముగియగానే పేచీ వచ్చినది. నిజంగా పాడినది గదా, ఇంక పాచిక ఎందుకు, పడవవాడు ఒప్పుకున్నట్లే అన్నారు కొందరు. పాచిక వేయవలసిందే అన్నారు మిగిలినవారు. అందరూ నా ముఖం చూసినారు. పాట ఆ అమ్మాయిది, పడవవాని మనసు ఆమెది కాదు అన్నాను. ఆమె దానికి అభ్యంతరం చెప్పలేదు. పాచికలు తీసుకొని వేసినది. 3, 5. మొత్తం 8.

పడవవాడు ఒప్పుకున్నాడు. కాని మబ్బు చూసి, పడవలో బరువు ఎక్కువైతే మునుగుతామని, వేషాల పెట్టెను ఈ ఒడ్డుననే వదిలి రమ్మన్నాడు. పెట్టె మోసే పిల్లవాడు దాని మీద కూర్చుండి లేవనన్నాడు. కిరీటాలు, భుజకీర్తులు, అద్దాలు అన్నీ అందులోనే ఉన్నవి. సిరోంచలో రాజు రాజని జనం ఎట్లా గుర్తుపట్టుతారని వాని బాధ. తెర లేకుండ, వేషం లేకుండ ఆట ఎట్లా ఆడుతారో ఆలోచించుకొని వచ్చే శనివారం చెప్పుతామన్నారు.